కుంగుబాటు: గుమ్మం ఇవతలి తేడా

ఉగాండా నైరుతి మూలన మసాకా, రాకై అని రెండు జిల్లాలున్నాయి. ఎయిడ్స్ ఆ ప్రాంతాన్ని ఊడ్చిపెట్టిన రోజుల్లో కొందరు పరిశోధకులు అక్కడి పల్లెలకు వెళ్లారు. డిప్రెషన్ అన్న మాట ఎత్తకుండానే, ఎయిడ్స్ వల్ల మీ ఊళ్లో జనానికి వచ్చిపడిన కష్టాలేమిటని అడిగారు. జవాబుల్లో లుగాండా భాషకు చెందిన రెండు మాటలు పదేపదే వినిపించాయి. ఒకటి ‘యోక్వెక్యావా’, అంటే తన మీద తనకే రోత పుట్టడం. రెండోది ‘ఒక్వెకుబాజిదా’, తన మీద తనకే జాలి కలగడం. ఈ రెంటి లక్షణాలూ కలిపి చూస్తే వైద్యగ్రంథాలు డిప్రెషన్ అనే జబ్బుకు బాగా దగ్గరగా ఉన్నాయి.

ఆ తర్వాత 30 ఊళ్లు ఎంచుకున్నారు. 15 ఊళ్లలో మగవాళ్లతోనే, 15 ఊళ్లలో ఆడవాళ్లతోనే పని. సగం ఊళ్లలో కుంగుబాటుతో ఉన్నవాళ్లను వారానికోసారి గంటన్నర సేపు గుంపుగా కూర్చోబెట్టారు. అలా 16 వారాలు. బృందాన్ని నడిపింది డాక్టర్లు కారు. కొద్దిపాటి శిక్షణ పొందిన ఆ ప్రాంతపు మనుషులే. మగవాళ్ల బృందానికి మగమనిషి, ఆడవాళ్ల బృందానికి ఆడమనిషి. మందులు లేవు. చనిపోయినవాళ్ల గురించి, ఇంట్లో తగవుల గురించి, తలకిందులైన బతుకు గురించి మాట్లాడుకున్నారు. వచ్చే వారంలోగా ఏం చేయొచ్చో అనుకున్నారు. 2003లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఫలితాలు అచ్చయ్యాయి. మాటల వైద్యం అందిన ఊళ్లలో ఇంకా డిప్రెషన్ నిర్ధారణకు సరిపోయే స్థితిలో మిగిలినవాళ్లు 6.5 శాతం. అందని ఊళ్లలో 54.7 శాతం. మరో ఆర్నెల్ల తర్వాత వెళ్లి చూసినా 11.7, 54.9 అన్నంత తేడా నిలిచే ఉంది.

ఈ అధ్యయనంలో అందరి కళ్లూ ఆ శాతాల మీదే పడ్డాయి. నిజానికి ఆగి చూడాల్సింది కూర్చోబెట్టిన తీరును. ఆడవాళ్లకూ మగవాళ్లకూ చేసిన వైద్యం ఒక్కటే. వేరుచేసింది వాళ్లు నడిచొచ్చే దారిని మాత్రమే. డిప్రెషన్‌కు థెరపీ ఎలా పనిచేస్తుంది, ఎవరికి పనిచేస్తుంది అని యాభై ఏళ్లుగా జరిగిన పరిశోధనంతా ముందేసుకుని చూసినా చివరికి తేలేది దాదాపు ఇదే. గది లోపల ఆడా మగా తేడా పెద్దగా కనబడదు. ఆ తేడా అంతా గుమ్మం ఇవతల ఉంది.

ముందు గది లోపల ఏం జరుగుతుందో చూడాలి. ‘ఊరికే కూర్చుని మాట్లాడితే జబ్బు తగ్గుతుందా, అంతమాత్రానికి డబ్బు కూడా ఇవ్వాలా’ అన్న అనుమానం తెలుగునాట బాగా చదువుకున్న ఇళ్లలోనూ ఉంది. అనుమానపడటం తప్పేమీ కాదు. ఆరన్ బెక్ కథ మొదలైంది కూడా ఒక అనుమానంతోనే.

ఫిలడెల్ఫియాలో పనిచేసిన బెక్ మనోవిశ్లేషణలో శిక్షణ పొందిన సైకియాట్రిస్టు. కుంగుబాటు అంటే ఎవరి మీదో ఉన్న కోపం లోపలికి తిరిగి తన మీదే పడటం అన్నది అప్పటికి ఫ్రాయిడ్ సంప్రదాయంలో చెలామణిలో ఉన్న వివరణ. దాన్ని రుజువు చేద్దామని బెక్ రోగుల కలలు సేకరించాడు. వాటిలో పగ, కోపం ఎక్కువగా కనిపించాలి. కనిపించలేదు. ఓడిపోవడం, ఎవరో గెంటేయడం, వస్తువు పోగొట్టుకోవడం, బస్సు తప్పిపోవడం లాంటి కలలే ఎక్కువ. అంటే మెలకువలో తన గురించి ఏమనుకుంటున్నారో నిద్రలోనూ అదే. రోగులను గుచ్చి అడిగితే ఇంకోటి బయటపడింది. పైకి చెప్పే మాటల వెనక, రెప్పపాటులో తలలో మెదిలి మాయమయ్యే ఆలోచనల వరస ఒకటుంది. ‘నేను దేనికీ పనికిరాను’, ‘డాక్టరుకి కూడా నాతో విసుగొచ్చింది’. వాటిని ఎవరూ పరీక్షించి చూడరు, నమ్మేస్తారంతే. తన గురించి, లోకం గురించి, రేపటి గురించి ఈ మూడు వైపులా అదే చీకటి అని బెక్ తేల్చాడు. తీవ్రతను కొలవడానికి 1961లో 21 అంశాల ప్రశ్నావళి తయారుచేశాడు. ఆ ఆలోచనలను రోగి చేతే కాగితం మీద రాయించి, సాక్ష్యం ఏమిటి, వేరే అర్థం ఉండొచ్చా అని ఇద్దరూ కలిసి తరచి చూసే పద్ధతిని తీర్చిదిద్దాడు. అదే కాగ్నిటివ్ థెరపీ. 1977లో ఇమిప్రమిన్ అనే మాత్రతో పోటీపెట్టి 41 మందిలో పరీక్షించారు. మాత్రకు తీసిపోలేదు సరికదా, ఆ చిన్న పరీక్షలో ఒకడుగు ముందే ఉంది. 1979లో వచ్చిన పుస్తకంతో అది ప్రపంచమంతా పాకింది. బెక్ 2021లో నూరేళ్లు నిండాక కన్నుమూశాడు.

తమాషా ఏమిటంటే, ఆ పద్ధతిని విడదీసి చూసినవాళ్లకు సగం యంత్రంతోనే బండి నడుస్తోందని తెలిసింది. 1996లో నీల్ జేకబ్సన్ బృందం రోగులను మూడు గుంపులు చేసింది. ఒక గుంపుకు బెక్ పద్ధతి మొత్తం. ఇంకో గుంపుకు దాన్లో కొంత. మూడో గుంపుకు ఆలోచనల జోలికే పోకుండా రోజువారీ పనులను తిరిగి కూడదీసుకోవడం ఒక్కటే. మూడు గుంపులూ ఒకేలా కోలుకున్నాయి. ఈ మూడో పద్ధతికే బిహేవియరల్ యాక్టివేషన్ అని పేరు.

దాని లెక్క చాలా మామూలుగా ఉంటుంది. ఉద్యోగం పోయి ఇంట్లో ఉన్న నలభై ఏళ్ల మనిషిని ఊహించుకుందాం. పొద్దున తొమ్మిదికి లేస్తాడు. ఫోన్ మోగితే తీయడు, పాత సహోద్యోగి ఎదురైతే ఏం చెప్పాలో తెలియక వీధిలోకి వెళ్లడం మానేస్తాడు. వెళ్లకపోవడం వల్ల ఆ పూటకు ఇబ్బంది తప్పుతుంది. కానీ కబురు చెప్పేవాడు, టీ తాగుదాం రమ్మనేవాడు, పని ఉందనేవాడు అందరూ అదే వీధిలో ఉన్నారు. వాళ్లంతా తప్పిపోతారు. దిగులు ముదురుతుంది, ముదిరేకొద్దీ మంచం దిగబుద్ధి కాదు. థెరపిస్టు అతనిచేత వారం రోజుల పట్టిక రాయిస్తుంది: ఏ గంటకు ఏం చేశావు, అప్పుడు మనసెలా ఉంది. అందులోంచి ఒక చిన్న పని తీస్తారు, మనసు బాగున్నా లేకపోయినా మంగళవారం ఆరింటికి చేసి తీరాల్సిన పని. మనసు బాగయ్యాక పనిలోకి దిగుదాం అనుకునేవాడిని పనిలోకి దింపి మనసును వెంట రప్పించడమే ఇందులోని కిటుకు. 2016లో ఇంగ్లండ్‌లో 440 మందితో చేసిన పరీక్షలో, పెద్దగా అనుభవం లేని సిబ్బంది ఇచ్చిన ఈ చవక వైద్యం, శిక్షణ పొందిన నిపుణులు ఇచ్చిన పూర్తి సీబీటీకి, అంటే బెక్ బాటలోని కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీకి, తీసిపోలేదు.

ఉగాండాలో వాడినది ఈ రెండూ కాని మూడో రకం. జెరాల్డ్ క్లెర్మన్, మిర్నా వైస్‌మన్ రూపొందించిన ఇంటర్‌పర్సనల్ థెరపీ. అందులో నాలుగే వాకిళ్లు: ఆప్తుల మరణం, అయినవాళ్లతో తగవు, పెళ్లో రిటైర్మెంటో బిడ్డో వలసో తెచ్చే మార్పు, ఒంటరితనం. కుంగుబాటు ఏ వాకిట్లోంచి లోపలికొచ్చిందో చూసి అక్కడ పనిచేస్తారు.

ఇక అంకెలు. 2023లో పిమ్ కౌపర్స్ బృందం డిప్రెషన్‌కు సీబీటీ మీద జరిగిన 409 పరీక్షలను, 52 వేల పైచిలుకు రోగుల ఫలితాలను ఒకచోట చేర్చింది. సీబీటీ తీసుకున్నవాళ్లలో 42 శాతం మందికి లక్షణాలు సగానికి సగం తగ్గాయి. తీసుకోనివాళ్లలో 19 శాతానికి. మొదటి నెలల్లో మందులతో సమానం. ఆర్నెల్లు, ఏడాది గడిచేసరికి మందులకంటే కొంచెం మేలు. మందులు మాత్రమే ఇవ్వడం కంటే రెండూ కలిపి ఇస్తే ఇంకా మేలు. ఇతర థెరపీలతో పోలిస్తే మాత్రం సీబీటీకి పెద్ద కిరీటమేమీ దక్కలేదు.

ఈ లెక్కను రెండువైపుల నుంచీ చదవాలి. 19 నుంచి 42కి వెళ్లడం చిన్న సంగతి కాదు. కానీ వందలో 58 మందికి ఆ సగం ఊరట కూడా రాలేదు. థెరపీ గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఈ రెండో ముక్క చెప్పడం తక్కువ. మొదటి ప్రయత్నం ఫలించనివాళ్లు ‘నాకిది కూడా పనిచేయలేదు’ అని మరింత కుంగిపోతారు కాబట్టి ఆ ముక్క ముందే చెప్పడం అవసరం. పద్ధతి మార్చవచ్చు, థెరపిస్టును మార్చవచ్చు, మందు జోడించవచ్చు.

థెరపీ నిజంగా నెగ్గుకొచ్చేది జబ్బు తిరగబెట్టే దశలో. పెన్సిల్వేనియా, వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయాలు 240 మందితో చేసిన అధ్యయనం 2005లో వచ్చింది. కోలుకున్నవాళ్లను ఏడాదిపాటు గమనిస్తే, మందులు ఆపేసినవాళ్లలో 76 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. మందులు కొనసాగించినవాళ్లలో 47 శాతం. థెరపీ ముగించి ఇంటికెళ్లిపోయినవాళ్లలో 31 శాతం. మాత్ర వేసుకున్నంతకాలం కాపాడుతుంది. థెరపీలో నేర్చుకున్న పని గదిలోంచి బయటికొచ్చాక కూడా చేతిలో ఉంటుంది.

ఇంతకీ ఆడవాళ్లకు ఎక్కువ పనిచేస్తుందా, మగవాళ్లకా? ఆడవాళ్లు మనసు విప్పి మాట్లాడతారు, కాబట్టి వాళ్లకు థెరపీ, మగవాళ్లకు మాత్ర అని ఎవరైనా ఊహిస్తారు. 2014లో సీబీటీని, మందులను పోల్చిన 14 పరీక్షల నుంచి 1,766 మంది రోగుల వివరాలను ఒక్కొక్కరివిగా తీసి చూశారు. లింగభేదం ఫలితాన్ని మార్చలేదు. థెరపీలోనూ లేదు, మందుల్లోనూ లేదు. మగవాడికి మాటలు పనిచేయవు అన్న మాటకు ఆధారం లేదు.

అయితే ఆ కుర్చీలో కూర్చునేదెవరు? ఇంగ్లండ్ ప్రభుత్వం 2008లో ప్రారంభించిన ఉచిత థెరపీ సేవకు వచ్చేవాళ్లలో సుమారు మూడింట రెండొంతులు స్త్రీలే. స్త్రీలలో డిప్రెషన్ పురుషులకంటే సుమారు 50 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మరోవైపు మన జాతీయ నేర గణాంకాల సంస్థ 2022లో నమోదుచేసిన 1,70,924 ఆత్మహత్యల్లో దాదాపు 72 శాతం పురుషులవి. ప్రతి ఆత్మహత్య వెనకా డిప్రెషనే ఉందని కాదు. అప్పు, తాగుడు, కుటుంబ తగవు, క్షణికావేశం అన్నీ ఉంటాయి. భారత స్త్రీలు క్షేమంగా ఉన్నారనీ కాదు. 2016లో ప్రపంచంలో ఆత్మహత్య చేసుకున్న స్త్రీలలో మూడో వంతుకు పైగా మన దేశం వాళ్లే. అయినా, జబ్బు తక్కువ అని లెక్కకొచ్చేవాళ్లలో చావులు అంత ఎక్కువ ఉన్నాయంటే ఆ లెక్కలో ఏదో తప్పిపోతున్నట్టే.

తప్పిపోయేదేమిటో స్వీడన్‌లోని గోట్లాండ్ ద్వీపం చూపించింది. 1983, 84 సంవత్సరాల్లో అక్కడి సాధారణ డాక్టర్లందరికీ డిప్రెషన్ గుర్తించడంలో శిక్షణ ఇచ్చారు. ఆత్మహత్యలు తగ్గాయి. సంబరపడి, తర్వాత విడదీసి చూస్తే, తగ్గినవి ప్రధానంగా స్త్రీలవి. పురుషుల సంఖ్య కదలలేదు. శిక్షణ నడిపిన వోల్ఫ్‌గాంగ్ రుట్జ్ కారణం వెతికాడు. చనిపోయిన మగవాళ్లు చాలామంది డాక్టర్లకు తెలియదు. పోలీసులకు, సంక్షేమ కార్యాలయాలకు మాత్రం బాగా తెలుసు. వాళ్లు ఏడుస్తూ రాలేదు. తాగి, కొట్లాడి, చిరాకుపడి, వేరే గుమ్మాలకు వెళ్లారు. ఆ అనుభవంలోంచే పురుషుల కుంగుబాటు కోసం గోట్లాండ్ పేరుతో వేరే కొలమానం పుట్టింది. 2013లో అమెరికాలో ఒక జాతీయ సర్వేను తిరగదోడి, మామూలు లక్షణాలకు తోడు కోపం, మత్తు, దుడుకుతనం కూడా కలిపి లెక్కిస్తే కుంగుబాటు ఉన్నవాళ్లు పురుషుల్లో 30.6 శాతం, స్త్రీలలో 33.3 శాతంగా తేలారు. ఆ అంతరం దాదాపు మాయమైంది. కోపిష్టి మగవాళ్లందరికీ డిప్రెషన్ అంటగట్టడం ఎంత పొరపాటో, అందులో కొందరికైనా ఉండొచ్చని చూడకపోవడమూ అంతే పొరపాటు.

స్త్రీల వైపు కథ వేరు. జార్జ్ బ్రౌన్, టిరిల్ హారిస్ లండన్‌లోని కేంబర్‌వెల్ పేటలో ఇల్లిల్లూ తిరిగి 1978లో వెలువరించిన పుస్తకం ఇప్పటికీ పాతబడలేదు. కష్టం వచ్చిన ప్రతి స్త్రీ కుంగిపోలేదు. మనసులో మాట చెప్పుకునేందుకు భర్తో ఆప్తులో లేకపోవడం, ఇంట్లో ముగ్గురు అంతకుమించి చిన్నపిల్లలు, చేతిలో ఉద్యోగం లేకపోవడం, పదకొండేళ్లలోపు తల్లి పోవడం, ఈ నాలుగింటిలో ఏదైనా ఉన్నచోట కష్టం కుంగుబాటుగా మారే ముప్పు పెరిగింది. గోవాలో 2002లో ప్రచురితమైన అధ్యయనంలో బాలింతల్లో 23 శాతం మందికి ప్రసవమైన ఆరు నుంచి ఎనిమిది వారాలకు కుంగుబాటు కనిపించింది. పేదరికం, భర్త చేతి దెబ్బలు, మగబిడ్డ కావాలనుకున్నచోట ఆడపిల్ల పుట్టడం దానికి కలిసొచ్చాయి. మన ఇళ్లలో బాలింత కళ్లనీళ్లు పెట్టుకుంటే దిష్టి తీస్తారు, పచ్చి ఒంటితో ఏడవకూడదని కసురుతారు. తల్లి ఎలా ఉందని అడిగేలోపే బిడ్డ పాలు తాగుతోందా అన్న ప్రశ్న వచ్చేస్తుంది.

పాకిస్తాన్‌లో పరిశోధకుడు ఆతిఫ్ రహ్మాన్ ఆ ప్రశ్ననే గుమ్మంగా మలుచుకున్నాడు. రావల్పిండి జిల్లా పల్లెల్లో ‘మీ కోడలికి మనోవ్యాధి, థెరపీ ఇస్తాం’ అంటే ఏ అత్తగారు రానిస్తుంది? అందుకని టీకాలకు, పోషకాహారానికి ఇళ్లకు వచ్చే లేడీ హెల్త్ వర్కర్లకే సీబీటీ మెళకువలు నేర్పారు. బిడ్డ బాగా ఎదగాలంటే తల్లి ఏం ఆలోచించాలి, ఏం తినాలి, ఇంట్లోవాళ్లు ఏం సాయం చేయాలి అన్న రూపంలో ఆ వైద్యం ఇంట్లోకి నడిచింది. అత్త, భర్త కూడా అందులో భాగస్వాములే. 40 యూనియన్ కౌన్సిళ్లలో 903 మంది తల్లులతో చేసిన పరీక్ష 2008లో అచ్చయింది. బిడ్డకు ఆరో నెల వచ్చేసరికి థెరపీ అందిన తల్లుల్లో 23 శాతం, అందనివాళ్లలో 53 శాతం ఇంకా డిప్రెషన్‌లో ఉన్నారు. ‘థింకింగ్ హెల్తీ’ అనే ఆ పద్ధతిని తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ తన కరదీపికగా అచ్చేసింది.

ఇక్కడ ఒక పేచీ ఉంది, దాటవేయకూడదు. రోజూ దెబ్బలు తినే స్త్రీకి ‘నీ ఆలోచన మార్చుకో’ అని చెప్పే థెరపీ ఏపాటి థెరపీ? ‘సర్దుకుపో తల్లీ’ అని పుట్టింటివాళ్లు చెప్పేదానికి డిగ్రీ తగిలించినట్టే. పద్ధతిని సరిగా చదివినవాళ్లు అలా చేయరు. ‘నా తప్పువల్లే కొడుతున్నాడు’ అన్నది పరీక్షించాల్సిన ఆలోచన. ‘కొడుతున్నాడు’ అన్నది పరిష్కరించాల్సిన సమస్య. ఈ రెంటినీ వేరుచేయలేని కౌన్సెలర్ వల్ల మేలుకంటే కీడే ఎక్కువ. అప్పుల రైతు విషయమూ ఇంతే. వడ్డీ వ్యాపారి బాకీని ఏ థెరపీ తీర్చదు. ఆ బాకీ గురించి బ్యాంకుకు వెళ్లి మాట్లాడే శక్తిని కూడదీయడం వరకే దాని పని.

మగవాళ్లకు గుమ్మం ఎక్కడుంది? విరాట్ కోహ్లీ 2014లో ఇంగ్లండ్‌లో ఆడిన అయిదు టెస్టుల్లో పది ఇన్నింగ్స్‌కి 134 పరుగులు చేశాడు. ఆ పర్యటనలో తాను కుంగుబాటులోకి జారానని అతను చెప్పుకున్నది 2021లో, ఏడేళ్ల తర్వాత. చుట్టూ అండగా నిలిచే మనుషులున్నా ఒంటరిగా అనిపించిందని, విషయం తెలిసిన నిపుణులు ఒకరు అప్పుడు అందుబాటులో ఉండాల్సిందని అన్నాడు. దీపికా పదుకొణె కథ దీనికి ఎదురుబొదురు. ఏడుపులో ఏదో తేడా ఉందని తల్లి పసిగట్టింది, నిపుణులను చూడమంది. 2015 మొదట్లో దీపిక పత్రికాముఖంగా చెప్పింది, అదే ఏడాది ఒక సంస్థ కూడా పెట్టింది. ఇద్దరు ప్రముఖులతో సిద్ధాంతం చేయలేం. కానీ ఒకరి లోపలి సంగతి కన్నీళ్లుగా కనబడింది, ఇంకొకరిది స్కోరుబోర్డు మీద అంకెగా కనబడింది. స్కోరుబోర్డు చూసి డాక్టరు దగ్గరికి పంపే తల్లి ఎవరుంటారు?

గోవాలో ‘సంగత్’ అనే సంస్థ చేసిన పని ఈ ప్రశ్నకు కాస్త దగ్గరగా వస్తుంది. 1996లో మొదలైన ఈ సంస్థ వ్యవస్థాపకుల్లో విక్రమ్ పటేల్ ఒకరు. పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో తీవ్రమైన డిప్రెషన్‌తో ఉన్న 495 మందిని తీసుకుని, మానసిక వైద్యంలో ఏ డిగ్రీ లేని స్థానికులకు కొన్ని వారాల శిక్షణ ఇచ్చి, వారిచేత ఆరు నుంచి ఎనిమిది సిట్టింగులు ఇప్పించారు. పద్ధతి ముందు చెప్పుకున్న బిహేవియరల్ యాక్టివేషనే. పేరు హెల్తీ యాక్టివిటీ ప్రోగ్రాం. మూడు నెలలకు 64 శాతం మంది తేరుకున్నారు. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లలో 39 శాతం. దీనికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది స్త్రీలే. అదే పరిశోధనలో భాగంగా, అవే ఆసుపత్రుల్లో, అదే తరహా కౌన్సెలర్లతో మగవాళ్ల కోసమే ఇంకో పరీక్ష నడిచింది, హద్దుమీరి తాగే 377 మంది పురుషులకు నాలుగు సిట్టింగులకు మించకుండా. మూడు నెలలకు తాగుడు అదుపులోకి వచ్చినవాళ్లు 36 శాతం, రెండో గుంపులో 26 శాతం. అది మద్యం గురించిన పరీక్ష, కుంగుబాటు గురించినది కాదు. అయినా ఒక సంగతి మాత్రం బోధపడింది. పిలవాల్సిన పేరుతో పిలిస్తే మగవాళ్లూ వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటారు.

పిలిచే పేరు దగ్గర జింబాబ్వే డాక్టరు డిక్సన్ చిబాండాది ఘనమైన ఉపాయం. హరారేలోని మ్బారే పేటలో 2006లో ఆసుపత్రి ఆవరణలో చెక్కబెంచీలు వేసి, వాటి మీద ఆరోగ్య కార్యకర్తలైన అమ్మమ్మలను కూర్చోబెట్టాడు. జబ్బును షోనా భాషలో ‘కుఫుంగిసిసా’ అన్నారు, అతిగా ఆలోచించడం అని. 2016 నాటి పరీక్షలో 573 మందిని చూస్తే, ఆర్నెల్లకు లక్షణాలు మిగిలినవాళ్లు బెంచీ వైపు 14 శాతం, రెండోవైపు 50 శాతం. అంత మంచి ఉపాయానికీ వచ్చినవాళ్లలో 86 శాతం ఆడవాళ్లే. అమ్మమ్మ బెంచీ మగవాడికి ఇంకా దూరంగానే ఉందన్నమాట.

తెలుగునాట ఈ జబ్బును పిలిచే మాటలకు కొదవ లేదు. దిగులు, బెంగ, గుబులు, మనాది, టెన్షన్. కానీ ఆసుపత్రి మెట్లెక్కేటప్పుడు వీటిలో ఏదీ నోట రాదు. ‘ఒళ్లంతా నొప్పులు’, ‘గుండె దడ’, ‘నిద్ర పట్టట్లేదు’, ‘గ్యాస్’ అంటారు. ఊళ్లో ఆర్‌ఎంపీ నీరసానికి సెలైన్ బాటిల్ పెడతాడు. రెండురోజులు బాగానే ఉంటుంది కూడా, ఎవరో ఒకరు పక్కన కూర్చుని పట్టించుకున్నారు కదా. పెద్ద డాక్టరు దగ్గరికి పంపుతామంటే హైదరాబాద్ వైపు ‘ఎర్రగడ్డ’, విశాఖ వైపు ‘చినవాల్తేరు’ గుర్తొస్తాయి. మానసిక ఆసుపత్రులున్న పేటల పేర్లే తిట్లుగా మారిన చోట థెరపీ గది తలుపు ఎంత తెరిచిపెట్టినా చాలదు.

2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం డిప్రెషన్ ఉన్నవాళ్లలో సుమారు 85 శాతం మందికి చికిత్స అందలేదు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. అయితే పశ్చిమ గోదావరి జిల్లాలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ చేసిన ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ ప్రయోగం ఉంది. ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్లెట్ ఇచ్చి, ఇంటింటా ప్రశ్నలడిగించి, ఇబ్బందిలో ఉన్నట్టు తేలినవాళ్లను ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు చూపించారు. దాంతోపాటు మానసిక జబ్బు అంటే సిగ్గుపడాల్సింది లేదని ఊళ్లలో వీడియోలు, నాటకాలతో చెప్పారు. మొదట 42 ఊళ్లలో చేశారు. వాటిలో 30 గిరిజన గ్రామాల లెక్క చూస్తే, సేవలు వాడుకున్నవాళ్లు 0.8 శాతం నుంచి 12.6 శాతానికి పెరిగారు. 12.6 అన్నది ఇంకా చిన్న అంకే. కానీ ఎక్కడ నుంచి మొదలైందో చూడాలి. తర్వాత ఇదే పనిని పశ్చిమ గోదావరితోపాటు హర్యానాలోని ఫరీదాబాద్, పల్వల్ జిల్లాల్లో 44 ఆరోగ్య కేంద్రాల పరిధిలో పెద్దయెత్తున పరీక్షించారు. ఏడాది తర్వాత ఈ సేవ అందినచోట కుంగుబాటు ముప్పు అందనిచోటికంటే ఎక్కువగా తగ్గింది.

నగరంలో వైద్యం కొనుక్కోగలవాళ్లకు వేరే చిక్కులు. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివి మందు రాసే డాక్టరు. క్లినికల్ సైకాలజిస్టుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు అడగడంలో మొహమాటం అక్కర్లేదు. ‘కౌన్సెలర్’ బోర్డు మాత్రం కొద్దివారాల కోర్సు చేసినవాళ్లూ పెట్టేస్తున్నారు. థైరాయిడ్ లోపం కూడా కుంగుబాటులా కనబడుతుంది కాబట్టి ముందు రక్తపరీక్ష చేయించమనేవాళ్లే నమ్మదగినవాళ్లు. తిండి, నిద్ర పూర్తిగా పోయినవాళ్లకు, లేని గొంతులు వినిపించేవాళ్లకు, ఉత్సాహం కుంగుబాటు మార్చిమార్చి వచ్చేవాళ్లకు మాటలొక్కటే చాలవు, మందులు తప్పవు. చావాలన్న ఆలోచన వచ్చినవాళ్లు అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకూడదు, అది అత్యవసరం. ప్రభుత్వ టెలిమానస్ లైన్ 14416కి 2022 అక్టోబర్ నుంచి రాత్రీపగలూ ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. ముఖం చూపించనక్కర్లేని ఈ గుమ్మం మగవాళ్లకు కాస్త సులువు కావచ్చు.

డబ్బు సంగతి సరేసరి. ఒక సిట్టింగ్ ఫీజు కూలిమనిషికి రెండు మూడు రోజుల కష్టం. శరీర వ్యాధుల్లాగే మానసిక వ్యాధులకూ బీమా వర్తించాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెప్పింది. పాలసీల్లో ఎక్కువ భాగం ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. వారానికో గంట కుర్చీలో కూర్చుని ఇంటికి వెళ్లేవాళ్లు ఆ లెక్కలోకి రారు.

కాబట్టి చూపు మళ్లీ పల్లె వైపే తిప్పాలి. ముప్పై దాటినవాళ్లకు బీపీ, షుగర్ ముప్పు అంచనా వేయడానికి ఆశా కార్యకర్త ఇంటింటికీ తెచ్చే ప్రశ్నపత్రం ఒకటుంది. పొగాకు అలవాటు ఉందా, రోజూ మద్యం తాగుతారా, నడుము కొలత ఎంత అని అందులో ఉంటాయి. నడుముకు ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 సెంటీమీటర్లని వేర్వేరు హద్దులున్నాయి. చివరి భాగంలో రెండు ప్రశ్నలున్నాయి: గత రెండువారాల్లో ఏ పనిమీదా ఆసక్తి లేకుండా పోయిందా, దిగులుగా, నిరాశగా అనిపించిందా? వీటికి ఆడా మగా వేరు గడులు లేవు. మార్కులు దాటితే ఆరోగ్య కేంద్రానికి పంపాలని రాసి ఉంది. దిగులు ప్రశ్నకు ‘అబ్బే, ఏం లేదమ్మా’ అనే మగమనిషి, అదే కాగితం పైభాగంలో మద్యం గడి దగ్గర ‘రోజూ’ అని చెప్పి ఉంటాడు. ఆ రెండు జవాబులనూ కలిపి చదివి అతనితో ఇంకో పావుగంట మాట్లాడే పని ఎవరిదో ఆ కాగితంలో లేదు. గోవాలో ఆ పనికి మనుషులను తయారుచేయడం కొన్ని వారాల శిక్షణతోనే మొదలైంది.